డాక్స్ పీఆర్‌ను నలుగురు కలిసి రివ్యూ చేయడం ఎలా

కోడ్‌లో తప్పు దొర్లితే ఏదో ఒక టెస్టు ఫెయిలవుతుంది. డాక్స్‌లో, అంటే సాఫ్ట్‌వేర్ వాడకం చెప్పే పేజీల్లో, తప్పు దొర్లినా సీఐ (ప్రతి మార్పు మీదా టెస్టులు తానే నడిపే ఏర్పాటు) పచ్చగానే ఉంటుంది. ఎక్కడో ఒకరు ఆ పేజీ చూసి కమాండ్ కొడతారు, ఎర్రర్ వస్తుంది, పొరపాటు తమదేనేమోనని రెండు గంటలు వెతుక్కుంటారు. కాబట్టి డాక్స్ రివ్యూలో అసలు తేల్చాల్సింది ఒక్కటే: ఈ పేజీ చెప్పినట్టు చేస్తే పని అవుతుందా? స్పెల్లింగులు, కామాలు దాని తర్వాతే.

ఇక్కడ రాసేది గిట్‌హబ్‌లో మార్క్‌డౌన్ లేదా రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ ఫైళ్లుగా ఉండే డాక్స్ గురించి. పీఆర్ అంటే పుల్ రిక్వెస్ట్, మన మార్పును ప్రాజెక్టులో కలపమని (మెర్జ్ చేయమని) అడగడం. గిట్‌ల్యాబ్‌లో దాన్ని మెర్జ్ రిక్వెస్ట్ అంటారు, బటన్ల పేర్లు కొన్ని వేరు, పని మాత్రం ఇదే.

ముందు పని పంచుకోండి

పదిమందిలో పాము చావదని సామెత. ఒక పీఆర్‌కు ఐదుగురిని రివ్యూకు పిలిస్తే సరిగ్గా అదే జరుగుతుంది. టెక్నికల్ సంగతి ఇంకెవరో చూస్తారులే అని ఐదుగురూ అనుకుంటారు, ఐదుగురూ కామాల మీదే కామెంట్లు పెడతారు. అందుకని పీఆర్ వివరణలోనే ఎవరు ఏం చూడాలో రాసేయండి.

పనులు నాలుగు. ఫీచర్ కోడ్ తెలిసినవారు, పేజీ చెబుతున్నది నిజమో కాదో చూస్తారు. ఆ ఫీచర్‌ను ఇంతవరకూ వాడనివారు, పేజీలోని మెట్లన్నీ తమ మెషీన్‌లో చేసి చూస్తారు. ఇంకొకరు భాష, స్టైల్ గైడ్ సంగతి చూసుకుంటారు. చివరిది మెర్జ్ చేయాలా వద్దా అనే నిర్ణయం, అది ఒక్కరి చేతిలోనే ఉండాలి. ప్రాజెక్టులో ఇద్దరే ఉంటే పనులు కలిపేసుకోవచ్చు గానీ, చేసి చూసే పని మాత్రం రాసినవారు తీసుకోకూడదు. వాళ్ల మెషీన్‌లో కావాల్సినవన్నీ ముందే ఇన్‌స్టాల్ అయి ఉంటాయి. రాయడం మరిచిన మెట్టును కూడా వాళ్ల కళ్లు ఉన్నట్టే చదివేస్తాయి. కొత్తగా చేరిన విద్యార్థికి అప్పగించదగ్గ పని ఏదైనా ఉందంటే అది ఇదే, ఎందుకంటే తెలియకపోవడమే ఇక్కడ అర్హత.

కుబెర్నెటీస్ అనే పెద్ద ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు డాక్స్‌లో ఈ విభజనను బాట్ నడిపిస్తుంది. రివ్యూయర్ కామెంట్‌లో స్లాష్ పెట్టి ఎల్‌జీటీఎమ్ (లుక్స్ గుడ్ టు మీ, నాకు బాగుంది) అని రాస్తే ఒక లేబుల్ పడుతుంది. ఓనర్స్ ఫైల్‌లో అప్రూవర్‌గా పేరున్నవారు స్లాష్ పెట్టి అప్రూవ్ అని రాస్తే రెండోది పడుతుంది. రెండూ ఉంటేనే మెర్జ్. ఎల్‌జీటీఎమ్ పడ్డాక కొత్త కమిట్ (గిట్‌లో నమోదు చేసిన మార్పు) వస్తే ఆ లేబుల్ దానంతటదే ఊడిపోతుంది, మళ్లీ చూడాల్సిందే. పీఆర్‌లు పట్టించుకునేవారు లేక మూలన పడకుండా వారానికొకరు వంతులవారీగా పీఆర్ రాంగ్లర్‌గా ఉంటారు. మీకు అంత ఏర్పాటు లేకపోతే గిట్‌హబ్ కోడ్‌ఓనర్స్ ఫైల్‌లో డాక్స్ ఫోల్డర్ ఎవరిదో రాసుకోండి. ఒక చిక్కుంది: బ్రాంచ్ ప్రొటెక్షన్ సెట్టింగుల్లో కోడ్ ఓనర్ల రివ్యూ తప్పనిసరి అని టిక్ పెట్టకపోతే ఆ ఫైల్ రివ్యూ అడుగుతుందే తప్ప మెర్జ్‌ను ఆపదు. పైగా పీఆర్ డ్రాఫ్ట్‌గా ఉన్నంతసేపు ఓనర్లకు ఆటోమేటిక్‌గా రిక్వెస్ట్ వెళ్లదు.

తెరవగానే చూడాల్సినవి

బేస్ బ్రాంచ్, అంటే మార్పు ఏ శాఖలో కలుస్తుందో అది, ముందు చూడండి. ఇంకా విడుదల కాని ఫీచర్ గురించిన పేజీ మెయిన్ అనే ప్రధాన బ్రాంచ్‌లోకి వెళ్తే, మెయిన్ నుంచే సైటు పబ్లిష్ అయ్యే ప్రాజెక్టుల్లో అది వెంటనే జనానికి కనబడుతుంది. కుబెర్నెటీస్‌లో రాబోయే వెర్షన్ డాక్స్‌కు విడిగా డెవ్ బ్రాంచ్ ఉండేది ఇందుకే. తర్వాత సీఎల్‌ఏ లేదా డీసీఓ చెక్, అంటే ఈ మార్పును ఇచ్చే హక్కు తమకుందని రాసినవారు సంతకం పెట్టారా అన్నది. సంతకం లేని పీఆర్ ఎటూ మెర్జ్ కాదు, అది తేలేవరకు దాని మీద గంట ఖర్చుపెట్టకండి. మూడోది సైజు. మూడు వందల లైన్లు దాటిన డాక్స్ మార్పును ఎవరూ చివరిదాకా ఒకే శ్రద్ధతో చదవలేరు. ఫైళ్లను జరపడం ఒక పీఆర్‌గా, వాటిలోని మాటలు మార్చడం ఇంకో పీఆర్‌గా విడగొట్టమని అడగండి. రెండూ కలిసి, మాటలు సగానికి మించి మారితే గిట్ ఆ ఫైల్‌ను పేరు మారినదిగా గుర్తించక, పాతది మొత్తం ఎరుపు, కొత్తది మొత్తం పచ్చ చూపిస్తుంది. ఏ వాక్యాలు మారాయో వెతకడానికే సాయంత్రమవుతుంది.

మెషీన్ పట్టగల తప్పును మనిషి కామెంట్‌గా రాయడం దండగ. స్పెల్లింగ్‌కు కోడ్‌స్పెల్, స్టైల్ నియమాలకు వేల్, మార్క్‌డౌన్ అమరికకు మార్క్‌డౌన్‌లింట్ సీఐలో పెట్టుకోండి. డాక్స్ సైటు తయారుచేసే స్ఫింక్స్ వాడుతుంటే బిల్డ్ కమాండ్‌కు పెద్ద డబ్ల్యూ ఆప్షన్ ఇవ్వండి, ప్రతి వార్నింగూ ఎర్రర్ అవుతుంది. హెడింగ్ కింది గీత హెడింగ్ కంటే పొట్టిగా ఉన్నా, లేని లేబుల్‌కు రిఫరెన్స్ ఇచ్చినా బిల్డ్ ఫెయిలవుతుంది. వేల్‌ను మాత్రం ఐదారు నియమాలతోనే మొదలుపెట్టండి. ఒకేసారి అన్నీ ఆన్ చేస్తే పాత పేజీల మీద వందల వార్నింగులు వస్తాయి, వారం తిరిగేసరికి వాటిని చూసేవాడుండడు. లింక్ చెకర్‌ను మెర్జ్‌కు అడ్డం పెట్టకండి. బయటి సైట్లు కొన్ని బాట్లను అడ్డుకుంటాయి, కొన్ని ఎక్కువసార్లు అడిగితే 429 కోడ్ ఇస్తాయి. దాంతో బాగున్న లింకు కూడా చచ్చినట్టు కనబడుతుంది. వారానికోసారి విడిగా నడిపితే చాలు.

ప్రతి పీఆర్‌కూ ప్రివ్యూ లింకు వచ్చేలా చూసుకోండి. నెట్లిఫై, రీడ్ ద డాక్స్ రెండూ ఇస్తాయి. మొదటిసారి చదవాల్సింది డిఫ్ (పాతదానికీ కొత్తదానికీ తేడా లైన్లవారీగా చూపేది) కాదు, ఈ ప్రివ్యూ.

మొదటి చదువు: పేజీ ఆకారం

ప్రివ్యూను మొత్తం ఒకసారి చదవండి, కామెంటు పెట్టకండి. ఈ పేజీ ఎవరికి, ఏ పని కోసం? డయాటాక్సిస్ పద్ధతి డాక్స్‌ను నాలుగు రకాలుగా విడదీస్తుంది: నేర్పే ట్యుటోరియల్, పని చేయించే హౌ-టు, వెతుక్కునే రిఫరెన్స్, వివరించే వ్యాసం. కలగాపులగం ఎక్కువగా మొదటి రెండింటి మధ్యే జరుగుతుంది. హౌ-టులోకి వివరణ చొరబడటమూ ఉంది: సర్వర్ ఆగిపోయి కంగారులో వచ్చినవాడికి ఆర్కిటెక్చర్ చరిత్ర నాలుగు పేరాలు చదివించే పేజీలు లెక్కలేనన్ని.

ఆకారమే తప్పనిపిస్తే ఆ ఒక్క మాటే రాసి అక్కడ ఆగండి. రేపు తీసేయబోయే పేరాకు నలభై లైన్ కామెంట్లు పెడితే రాసినవారి శ్రమా పోతుంది, మీ శ్రమా పోతుంది.

చేసి చూడటం

రివ్యూకు గంట టైముంటే నలభై నిమిషాలు దీనికే ఇవ్వండి.

ఖాళీ మెషీన్ కావాలి. డాకర్ కంటైనర్ (మీ మెషీన్‌లోనే విడిగా నడిచే చిన్న వాతావరణం) తేలిక గానీ అది రెండు చోట్ల మోసం చేస్తుంది. మామూలు ఇమేజుల్లో మీరు రూట్‌గా, అంటే సర్వాధికారాలతో, ఉంటారు కాబట్టి, పేజీలో సుడో (ఆ అధికారంతో నడిపే కమాండ్) రాయడం మరిచినా పని జరిగిపోతుంది. సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ మామూలుగా అందులో నడవదు కాబట్టి, సర్వీస్ స్టార్ట్ చేసే మెట్టు సరిగ్గా ఉన్నా ఫెయిలవుతుంది. కాబట్టి ఇన్‌స్టాలేషన్ పేజీలకు వర్చువల్ మెషీన్, లైబ్రరీ వాడకం పేజీలకు కంటైనర్ పెట్టుకోండి.

నియమం ఒకటే: పేజీలో ఉన్నదే కాపీ చేసి పేస్ట్ చేయాలి. మీకు తెలిసింది కలపకూడదు, తప్పు కనబడ్డా మనసులో సరిచేసుకుని ముందుకు పోకూడదు. ఆగిన చోటే కామెంటు. తరచూ ఆగే చోట్లు ఇవి.

డాకర్ గ్రూపులో యూజర్‌ను చేర్చమని మూడో మెట్టు, కంటైనర్ నడపమని నాలుగో మెట్టు. చదివేవారికి పర్మిషన్ డినైడ్ వస్తుంది. లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయితే గానీ కొత్త గ్రూపు మామూలుగా వర్తించదు. రాసినవారు ఏనాడో ఆ గ్రూపులో ఉన్నారు, వారికి ఇది కనబడే అవకాశమే లేదు.

పైథాన్ ప్యాకేజీని పిప్‌తో నేరుగా ఇన్‌స్టాల్ చేయమనే పేజీ డెబియన్ 12లో, ఉబుంటు 23.04 నుంచి తర్వాతి వెర్షన్లలో ఆగిపోతుంది. సిస్టమ్ పైథాన్‌ను పిప్‌తో మార్చడానికి వీల్లేదని ఎర్రర్ వస్తుంది. ముందు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ప్యాకేజీలకు విడిగా ఉండే పైథాన్ ఫోల్డర్) తయారుచేసే మెట్టు ఉండాలి. ఎర్రర్‌ను దాటేసే ఆప్షన్‌ను పేజీలో రాయడానికి ఒప్పుకోకండి, అది చదివేవారి సిస్టమ్‌ను పాడుచేయగలదు.

కమాండ్ ముందు డాలర్ గుర్తు ఉంటే అదీ కాపీ అవుతుంది, కమాండ్ దొరకలేదంటుంది. కమాండ్ ఒక బ్లాకులో, దాని అవుట్‌పుట్ వేరే బ్లాకులో ఉండాలి. వర్డ్ ప్రాసెసర్‌లో రాసి తెచ్చిన పేజీల్లో రెండు హైఫన్లు కలిసి ఒక పొడవాటి డ్యాష్ అయిపోతాయి, నిటారు కొటేషన్లు వంకర తిరుగుతాయి. కంటికి తేడా తెలియదు, కమాండ్లు నడిపే షెల్‌కు తెలుస్తుంది. మీ పేరు ఇక్కడ పెట్టండి అని కోణపు బ్రాకెట్లలో రాస్తే ఇంకో తంటా. వాటిని షెల్ రీడైరెక్షన్ అనుకుని, అలాంటి ఫైలు లేదనో, సింటాక్స్ ఎర్రర్ అనో అంటుంది. పెద్దక్షరాల్లో ఒక పేరు పెట్టి, దాన్ని దేనితో మార్చాలో కింద ఒక వాక్యం రాయించండి.

యామల్ (సెట్టింగులు రాసే ఫార్మాట్) ఉదాహరణల్లో ఇండెంటేషన్‌కు ట్యాబ్ వాడకూడదు, స్పేసులే. మెట్ల నంబర్లు 1, 2 తర్వాత మళ్లీ 1 అని కనబడితే, రెండో మెట్టు కింది కోడ్ బ్లాకును లోపలికి జరపలేదన్నమాట. నంబరు, చుక్క, ఖాళీ కలిపి మూడు స్పేసులు జరిపితే లిస్టు తెగదు.

మెట్టు పూర్తయ్యాక ఏం కనబడాలో పేజీ చెబుతోందా? ఏ ఫోల్డర్‌లో ఉండి చేయాలో చెప్పిందా? చివర్లో సృష్టించినవన్నీ తీసేసే మార్గం ఉందా? క్లౌడ్ మీద నడిచే ట్యుటోరియల్‌లో ఈ చివరిది లేకపోతే చదివేవారికి బిల్లు వస్తుంది.

ఈమధ్య కొత్త రకం తప్పొకటి పెరిగింది. చాట్‌బాట్‌తో రాయించిన పేజీల్లో అసలు లేని ఆప్షన్లు నమ్మబలికే పేర్లతో కనబడతాయి. పేజీలోని ప్రతి ఆప్షన్‌నూ ఆ ప్రోగ్రామ్ హెల్ప్ అవుట్‌పుట్‌లో వెతికి చూడటం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

కామెంటులో ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్, టూల్ వెర్షన్, మెట్టు నంబరు, ఎర్రర్ ఉన్నదున్నట్టు ఇవ్వండి. నాకు పనిచేయలేదు అని మాత్రమే రాస్తే రాసినవారు చేయగలిగింది ఏమీ ఉండదు.

డిఫ్ చదవడం, కామెంట్లు

గిట్‌హబ్‌లో స్టార్ట్ ఎ రివ్యూ నొక్కి, కామెంట్లన్నీ పోగుచేసి ఒకేసారి పంపండి. విడివిడిగా పెడితే ఇరవై కామెంట్లకు ఇరవై నోటిఫికేషన్లు వెళ్తాయి. ప్రతి కామెంటు మొదట్లో దాని బరువు చెప్పే మాట పెట్టండి: అడ్డంకి, ప్రశ్న, సూచన, నిట్. అడ్డంకి అంటే ఇది సరికాకుండా మెర్జ్ కాదు. నిట్ అంటే మార్చినా మార్చకున్నా సరే. ఈ తేడా లేకపోతే కొత్తవారికి అన్నీ ఆజ్ఞల్లాగే వినబడతాయి. ఒకే తప్పు ఏడు చోట్ల ఉంటే ఏడు కామెంట్లు వద్దు. ఒక చోట రాసి, మిగతా ఆరు చోట్లా ఇదే అనండి.

మాట మార్చాల్సి వస్తే వర్ణించకండి, సజెషన్ బ్లాక్ (మార్చిన మాటనే కామెంటులో రాసిచ్చే ఏర్పాటు) పెట్టండి. రాసినవారు నచ్చినవన్నీ బ్యాచ్‌లో చేర్చి ఒకే కమిట్‌గా తీసుకోవచ్చు, మీ పేరు సహరచయితగా చేరుతుంది. సజెషన్‌లో కోడ్ బ్లాక్ ఉంటే లోపలి మూడు బ్యాక్‌టిక్‌ల దగ్గరే బయటి బ్లాక్ తెగిపోతుంది. బయట నాలుగు వాడండి. డీసీఓ అడిగే ప్రాజెక్టుల్లో ఇలా వెబ్ నుంచి తీసుకున్న కమిట్‌కు సైన్-ఆఫ్ (డీసీఓ సంతకం) లేక చెక్ ఫెయిల్ కావచ్చు. వెబ్ కమిట్లకు సైన్-ఆఫ్ తప్పనిసరి చేసే సెట్టింగు రిపోజిటరీలో ఉంది, ఆన్ చేయించండి.

పేరా మొత్తం ఒకే లైనుగా ఉంటే ఒక కామా మారినా లైనంతా మారినట్టు కనబడుతుంది. గిట్ డిఫ్‌కు వర్డ్-డిఫ్ ఆప్షన్ ఇస్తే మారిన మాటలే కనబడతాయి. అంతకంటే మంచిది, వాక్యానికొక లైను చొప్పున రాయడం అలవాటు చేయడం. వెబ్‌లో వైట్‌స్పేస్ దాచే ఆప్షన్‌ను కోడ్‌కు వాడినట్టు మార్క్‌డౌన్‌కు వాడకండి. ఇక్కడ ఖాళీకి అర్థముంది. లైను చివర రెండు స్పేసులుంటే లైన్ బ్రేక్, లిస్టులో రెండు స్పేసులు తగ్గితే లిస్టే విరుగుతుంది.

డిఫ్‌లో ప్రత్యేకంగా వెతకాల్సింది మారిన హెడింగులు. హెడింగ్ మాటల నుంచే యాంకర్ (పేజీలో ఆ చోటికి తెచ్చే లింకు చిరునామా) పుడుతుంది కాబట్టి హెడింగ్ మారితే వేరే పేజీల నుంచి దానికున్న లింకులు తెగుతాయి. పాత యాంకర్‌తో రిపోజిటరీ అంతా ఒకసారి వెతకండి. ఫైలు జరిగితే రీడైరెక్ట్ అడగండి, సైటు తయారుచేసే హ్యూగోలో అయితే ఫ్రంట్ మ్యాటర్‌లో (ఫైలు మొదట్లో ఉండే సెట్టింగుల్లో) పాత చిరునామాను ఏలియస్‌గా రాస్తే సరిపోతుంది.

ఉదాహరణల్లో నిజమైన డొమైన్లు, ఐపీలు ఉండకూడదు. దీనికోసమే ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల్లో ఆర్‌ఎఫ్‌సీ 2606 ఎగ్జాంపుల్ డాట్ కామ్‌ను, ఆర్‌ఎఫ్‌సీ 5737 మూడు ఐపీ బ్లాకులను కేటాయించాయి: 192.0.2.0/24, 198.51.100.0/24, 203.0.113.0/24. స్క్రీన్‌షాట్లలో టోకెన్లు (పాస్‌వర్డ్‌లా పనిచేసే కోడ్‌లు), ఈమెయిళ్లు బయటపడ్డాయేమో పెద్దది చేసి చూడండి. టోకెన్ కనబడితే ఇమేజ్ మారిస్తే చాలదు, పాత కమిట్‌లో అది ఉండనే ఉంటుంది. ఆ టోకెన్‌నే రద్దు చేయించాలి.

భాష

ఇంగ్లిష్ మాతృభాష కానివారు డాక్స్ రివ్యూకు పనికిరారన్న జంకు మనలో చాలామందికి ఉంటుంది. నిజానికి చదివేవారిలో ఎక్కువమంది మనలాంటివారే. ఈ వాక్యం రెండుసార్లు చదివితే గానీ అర్థం కాలేదు అన్నది పూర్తిగా చెల్లే కామెంటు, కారణం వివరించలేకపోయినా సరే. వర్తమాన కాలం, మీరు అని నేరుగా చెప్పడం, ఒక వస్తువుకు పేజీ అంతా ఒకే పేరు, ఈ మూడూ పట్టుకుంటే భాషా సమస్యల్లో పెద్దవి తీరిపోతాయి. తేలిగ్గా, జస్ట్ లాంటి మాటలు తీసేయించండి. చేయలేకపోయినవారిని అవి చిన్నబుచ్చుతాయి. ఇక్కడ నొక్కండి అనే లింకును, అది ఎక్కడికి వెళ్తుందో చెప్పే మాటగా మార్పించండి.

మన ఆఫీసు ఇంగ్లిష్‌తో మాత్రం కాస్త జాగ్రత్త. ఐ విల్ రివర్ట్ అంటే మనకు జవాబిస్తానని. గిట్ ప్రపంచంలో రివర్ట్ అంటే మార్పును వెనక్కి తీయడం. అది చదివిన మెయింటెయినర్ ఉలిక్కిపడతారు. అంకెల్లో 1,00,000 అని మన పద్ధతిలో కామాలు పెట్టినా, తేదీని 05/06 అని రాసినా బయటివారికి తికమకే. తేదీకి సంవత్సరం, నెల, రోజు వరుస వాడండి: 2025-06-05.

రాసినవారి వైపు, మెర్జ్ వైపు

రివ్యూ నడుస్తుండగా ఫోర్స్ పుష్ (పాత కమిట్ల చోట కొత్తవి పెట్టేయడం) చేయవద్దని రాసినవారికి చెప్పండి. చేస్తే, గత రివ్యూ తర్వాత ఏం మారిందో చూడటం కష్టమవుతుంది. మార్పులు కొత్త కమిట్లుగా రానివ్వండి, మెర్జ్ సమయంలో స్క్వాష్ చేస్తే, అంటే అన్నిటినీ ఒకే కమిట్‌గా కలిపేస్తే, చరిత్ర శుభ్రంగానే ఉంటుంది. కామెంటును రిజాల్వ్ చేసేది ఎవరో ముందే అనుకోండి. కామెంటు పెట్టినవారే మూసేయడం మంచిది, లేకపోతే జవాబు లేని ప్రశ్నలు నిశ్శబ్దంగా మాయమవుతాయి.

వాదనలొస్తాయి. ఒక మాట దగ్గర తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు ఇద్దరూ బిగుసుకుంటే, రెండో విడత జవాబుల తర్వాత స్టైల్ గైడ్ తెరవండి. అందులో ఉంటే అదే తీర్పు. లేకపోతే మెర్జ్ బాధ్యత ఉన్నవారు తేల్చి, ఆ తీర్మానాన్ని గైడ్‌లో ఒక వాక్యంగా చేర్చాలి. కాల్‌లో మాట్లాడుకుని తేల్చినా సరే, తేల్చిందేమిటో పీఆర్‌లో రాయాలి. ఆ కాల్‌లో లేనివారికి వేరే దారి లేదు.

హైదరాబాద్‌లో ఉదయం పదయ్యేసరికి శాన్‌ఫ్రాన్సిస్కోలో ముందురోజు రాత్రి. అందుకని పెద్ద మార్పును కనీసం 72 గంటలు తెరిచి ఉంచండి, అపాచీ ఫౌండేషన్ ఓటింగులకు పెట్టుకున్న గడువు కూడా అదే. అక్షరదోషం దిద్దే పీఆర్‌కు ఇంత తతంగం అక్కర్లేదు, చూసినవెంటనే మెర్జ్ చేసేయండి. ఒక్క అక్షరం దిద్ది నెల రోజులు ఎదురుచూసినవారు రెండో పీఆర్ పంపరు.

మెర్జ్ అయ్యాక లైవ్ సైటులో పేజీ తెరిచి చూడండి. ప్రివ్యూలో పనిచేసిన రీడైరెక్ట్ ప్రొడక్షన్‌లో పనిచేయకపోవడం ఉంటుంది. పాత వెర్షన్ల డాక్స్‌కూ ఈ దిద్దుబాటు కావాలా అన్నది అప్పుడే తేల్చండి. పైథాన్ ప్రాజెక్టులో అయితే మార్పు ముందు మెయిన్‌లోకి వెళ్తుంది, బ్యాక్‌పోర్ట్ (పాత వెర్షన్‌లోకీ మార్పు తేవడం) లేబుల్ పెట్టిన ప్రతి వెర్షన్‌కూ బాట్ విడిగా పీఆర్ తెరుస్తుంది. రివ్యూలో తర్వాత చూద్దాం అనుకున్న ప్రతిదానికీ ఆరోజే ఒక ఇష్యూ తెరిచి, పీఆర్ లింకు అందులో పెట్టండి.